నాగార్జునకొండ: నీటిమట్టంతో పాటు మారే దీవి

నాగార్జునసాగర్ జలాశయంలోని నాగార్జునకొండకు ఎప్పుడు వెళ్తే బాగుంటుందని అడిగితే అందరూ చెప్పేది ఒకటే: సాగర్ గేట్లు ఎత్తినప్పుడు. నేను అలా చెప్పను. గేట్లు ఎత్తినప్పుడు చూడాల్సింది డ్యాముని. దీవిని చూడాలంటే మాఘమాసంలో రావాలి. వీలుంటే నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా దిగాక ఇంకోసారి రావాలి. ఒక్కసారి చూసి వెళ్ళినవాళ్ళకు అది నీళ్ళ మధ్య ఓ తోట, అందులో ఓ మ్యూజియం. రెండు కాలాల్లోనూ చూస్తే మనం నిలబడింది కొండ నెత్తిన అనీ, అసలు ఊరంతా మన కాళ్ళ కింద నీళ్ళలో ఉందనీ మనసుకెక్కుతుంది.

మాది మాచర్ల. చిన్నప్పుడు బడిపిల్లలతో, పెద్దయ్యాక ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా, ఇప్పుడు తోచినప్పుడు ఒక్కణ్ణే వెళ్తుంటాను. అన్ని కాలాల్లోనూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. కుడిగట్టున విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కాలి. పోవడానికి ముప్పావు గంట పైనే పడుతుంది, రావడానికీ అంతే. సరిపడా జనం వచ్చేదాకా లాంచీ కదలదు కాబట్టి ఆదివారమో సెలవు రోజో అయితే తొందరగా బయల్దేరుతుంది, మామూలు రోజుల్లో గట్టున కూర్చోవాల్సిందే. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు పెట్టుకోవద్దు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటక లాంచీ మునిగి ఘోరం జరిగాక రాష్ట్రంలో పర్యాటక లాంచీలన్నీ ఆగిపోయాయి, ఆ వెనకే కరోనా వచ్చింది. ఆ విరామం తర్వాత లైఫ్ జాకెట్ విషయంలో గట్టిగా ఉంటున్నారు. మంచిదే. పిల్లలకు సరిపోయే సైజు ఉందో లేదో మాత్రం ఎక్కకముందే అడిగి చూసుకోండి. ఇప్పటికీ గాలికీ వానకీ లాంచీలు ఆపేస్తుంటారు, కాబట్టి దూరం నుంచి వచ్చేవాళ్ళు బయల్దేరే ముందు కనుక్కోవాలి.

సాగర్ నిండు మట్టం సముద్రమట్టం నుంచి 590 అడుగులు. కనీస మట్టం 510. ఈ ఎనభై అడుగుల తేడాలోనే దీవి కథంతా ఉంది.

శ్రావణ భాద్రపదాల్లో శ్రీశైలం నుంచి వరద వచ్చి జలాశయం నిండుతుంది. నీళ్ళు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. నిండేకొద్దీ చుట్టూ ఉన్న నల్లమల కొండలు పొట్టిగా కనిపిస్తాయి. ఇరవై ఆరు గేట్లూ ఎత్తిన రోజు మా ఊరి రోడ్డు మీద బండి కదలదు, హైదరాబాదు వైపు నుంచీ గుంటూరు వైపు నుంచీ జనం విరగబడి వస్తారు. ఆ గుంపులో సగం మంది దీవికీ పోదామంటారు. దీవిలో అడుగుపెట్టగానే ఫొటోలు, మ్యూజియంలో ఓ చుట్టు, మళ్ళీ లాంచీ. వాళ్ళని తప్పుపట్టను, ఆ రద్దీలో అంతకన్నా కుదరదు. కానీ ఆ ఎర్రనీళ్ళని చూడటం మటుకు అవసరం. ఒక లోయని ముంచడమంటే ఏమిటో అప్పుడే తెలుస్తుంది.

ఆషాఢం గురించి ఒక హెచ్చరిక. పడమటి గాలి పెట్టిందంటే జలాశయం మీద అలలు లేస్తాయి. ఓసారి టికెట్ తీసుకున్నాక చాలాసేపు కూర్చోబెట్టి, గాలి తగ్గేట్టు లేదని డబ్బు తిరిగిచ్చేశారు. ఇంటికి వచ్చిన చుట్టాలు ఉసూరుమన్నారు గానీ ఆ నీళ్ళని చూశాక నేను లాంచీవాళ్ళ మాటకే ఓటేశాను.

కార్తీకం నుంచి పుష్యం దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. ఎర్రనీళ్ళు తేరుకుని ఆకుపచ్చగా అవుతాయి. పొద్దున మొదటి లాంచీకి వెళ్తే నీటి మీద పొగమంచు ఉంటుంది. కాకపోతే డిసెంబరు, జనవరి నెలలు బడిపిల్లల విహారయాత్రలవి. మ్యూజియం గదుల్లో వాళ్ళ కేకలు తప్ప ఏమీ వినపడవు. నాకు అది ఇబ్బంది కాదు, నేనూ అలాగే మొదటిసారి వచ్చాను. కానీ శాసనం చదువుకుందామని వచ్చినవాళ్ళకు ఇబ్బందే.

ఇక మాఘ ఫాల్గుణాలు. కాలవలకు నీళ్ళు వదిలి వదిలి మట్టం దిగుతుంది. దీవి చుట్టూ రాళ్ళ మీద, ఎదుటి కొండల మీద నీళ్ళు నిలిచిన మేర లేతరంగు పట్టీ తేలుతుంది. ఆ పట్టీకి పైన చెట్లు, కింద ఒట్టి రాయి, ఎండి పెచ్చులు లేచిన ఒండ్రు, అందులో నత్తగుల్లలు. గట్టు దగ్గర లాంచీ దిగి మెట్లెక్కేవాళ్ళకు మోకాళ్ళ నొప్పులుంటే కష్టమే, వర్షాకాలంలో కన్నా చాలా ఎక్కువ ఎక్కాలి. కానీ జనం ఉండరు. అడవిలో మోదుగ పూసి ఉంటుంది. అప్పుడు దీవి అంచున నిలబడి కిందికి చూస్తే అది దీవిలా ఉండదు, కొండ వాలులాగే ఉంటుంది.

ఈ వాలు కిందున్నదే ఇక్ష్వాకుల విజయపురి. శాతవాహనుల తర్వాత మూడు, నాలుగు శతాబ్దాల్లో కృష్ణ ఒడ్డున వాళ్ళు ఏలిన రాజధాని. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ పాత స్తంభాల్ని చూసి కబురు పంపితే, మద్రాసు నుంచి పురావస్తు శాసనాల శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. ఆ తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేసేనాటికి ఇంకో తవ్వకం నడుస్తోంది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా, నీళ్ళు వచ్చేలోగా లోయంతా తవ్వి, వీలైన కట్టడాల్ని విడదీసి కొండ మీద, కుడిగట్టు మీద అనుపు దగ్గర మళ్ళీ పేర్చారు. దీవి మీద మనం చూసే మహాచైత్యం అనే పెద్ద స్తూపం, సింహళ విహారం, స్నానఘట్టం, అశ్వమేధ వేదిక అన్నీ అలా పైకొచ్చినవే. కొండ మీద మొదట్నుంచీ ఉన్నది రెడ్డిరాజుల కాలం నాటి కోట గోడ. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు గెలిచిన దుర్గాల్లో ఇదీ ఒకటి. ఆ గోడని చాలామంది కాంపౌండు గోడ అనుకుని దాటిపోతారు.

మా పెదనాన్నది ముంపులో పోయిన పుల్లారెడ్డిగూడెం. ఒక మాఘమాసంలో ఆయన్ని లాంచీ ఎక్కించాను. దారిలో నీళ్ళ వైపు చెయ్యి చూపించి, "ఒరేయ్, ఇక్కడంతా జొన్నచేలేరా. ఆ మిట్ట మీద తవ్వకాలోళ్ళ గుడారాలుండేయి, మాకు కూలి దొరికేది" అన్నాడు. మ్యూజియంలో లోయ మొత్తాన్ని చిన్నగా చేసి పెట్టిన నమూనా ఒకటుంది. చాలామంది దాన్ని చూడకుండానే బయటికి వచ్చేస్తారు. పెదనాన్న దాని చుట్టూ తిరిగి తిరిగి, వేలు పెట్టి దారులు చెప్పాడు. అప్పట్నుంచీ ఎవర్ని తీసుకెళ్ళినా ముందు ఆ నమూనా దగ్గరికే తీసుకెళ్తున్నాను. అది చూశాక శిల్పాలు చూస్తే ఏది ఎక్కడ ఉండేదో అర్థమవుతుంది. చూడకపోతే అన్నీ అద్దాల వెనక రాళ్ళే.

శిల్పాల మాట. రాయి మా పల్నాటి సున్నపురాయే, లేత ఆకుపచ్చ తెలుపు. గోరుతో గీస్తే గీత పడుతుందేమో అనిపించేంత నున్నగా చెక్కారు. నిలువెత్తుకు మించిన బుద్ధుడి దగ్గర అందరూ ఆగుతారు. నేను ఆగేది స్తంభాల మీది అక్షరాల దగ్గర. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి, ప్రతి అక్షరం కాడా కిందికి సాగి కొస దగ్గర ఒంపు తిరుగుతుంది. అలా చెక్కాల్సిన పని లేదు, అలా చెక్కాలనిపించి చెక్కారు. ఇంకో సంగతి కూడా గమనించండి. ఇక్ష్వాకు వంశాన్ని నిలబెట్టిన వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. మహాచైత్యానికి దానం చేసింది ఆయన తోబుట్టువు చాంతిసిరి. రాణివాసపు ఆడవాళ్ళు, సంసారంలో ఉంటూ బుద్ధుణ్ణి కొలిచే బోధిసిరి లాంటి ఉపాసికలు స్తూపాలకూ విహారాలకూ ఇచ్చారు. బోధిసిరి శాసనంలో కశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి (సింహళం) పేర్లు వస్తాయి. ఇవాళ లాంచీ దొరక్క తిప్పలుపడే చోటికి ఒకప్పుడు అన్ని దేశాలతో రాకపోకలు. చనిపోయిన వీరుల కోసం, రాజు కోసం జ్ఞాపకంగా నిలబెట్టిన ఛాయాస్తంభాలు కూడా తప్పక చూడాలి.

ఎండాకాలం నేను ఎవరికీ చెప్పను. ఏప్రిల్ దాటాక బండలు కాలిపోతాయి, పల్నాటి ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. మ్యూజియంలో చల్లగానే ఉంటుంది గానీ మహాచైత్యం దాకా నడిచేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. పెద్దవాళ్ళనీ చంటిపిల్లలనీ తీసుకురాకండి. ఏ కాలంలో వచ్చినా నీళ్ళు, తినడానికి ఏదో ఒకటి వెంట తెచ్చుకోండి, దీవి మీద భోజనం దొరుకుతుందని నమ్ముకోవద్దు.

నాకున్న పెద్ద ఫిర్యాదు సమయం. దింపిన లాంచీయే గంట గడిచేసరికి హారన్ కొడుతుంది. గంటలో మ్యూజియమైనా చూడాలి, బయటి కట్టడాలైనా చూడాలి. రెండూ కుదరవు. నేనైతే రద్దీ ఉన్న రోజు మ్యూజియం వదిలేసి నేరుగా మహాచైత్యం దగ్గరికి నడుస్తాను. పైనుంచి చూస్తే దాని లోపలి ఇటుక గోడలు బండి చక్రంలో నడుమ నుంచి అంచుకు వచ్చే ఆకుల్లా కనిపిస్తాయి. ఆకుల మధ్య మట్టి నింపి కట్టారు. లోయలో ఇది అసలు చోటులో ఉన్నప్పుడే లాంగ్‌హర్స్ట్‌కు ఇందులో వెండి భరిణె, దాని లోపల బంగారు భరిణె, అందులో ధాతువు, అంటే చిన్న ఎముక ముక్క, దొరికాయి. రద్దీ లేని రోజు తర్వాతి లాంచీకి వస్తామని చెప్పి దిగితే కొన్నిసార్లు ఒప్పుకుంటారు, కొన్నిసార్లు ఒప్పుకోరు. ఎక్కేముందే అడిగి పెట్టుకోండి.

లాంచీ దొరకని రోజు వెనక్కి పోకండి, అనుపుకు పోండి. రోడ్డు మీద వెళ్ళిపోవచ్చు. లోయలో నుంచి తెచ్చి పేర్చిన రంగస్థలం అక్కడే ఉంది, చుట్టూ మెట్లు, మధ్యలో ఆటస్థలం. గుట్ట మీద పిల్లల్ని కాచే దేవత హారీతి గుడి. మాచర్ల వైపు నుంచి వస్తే దారిలో ఎత్తిపోతల జలపాతం ఉండనే ఉంది, వానాకాలంలో దాన్ని వదలొద్దు.

లాంచీలు నడిపేవాళ్ళని నేను కోరేది రెండే. మాఘ ఫాల్గుణాల్లో, జనం తక్కువగా ఉండేటప్పుడు, దీవి మీద కనీసం రెండు గంటలు ఉండనివ్వండి. విజయపురి సౌత్ గట్టు దగ్గర ఓ బోర్డు పెట్టి, ఇవాళ్టి నీటిమట్టం ఎంతో, మనం వెళ్ళే దారి కింద ఏ విహారం, ఏ ఊరు ఉన్నాయో తెలుగులో రాయండి. ఆ ఊళ్ళ నుంచి లేచి వచ్చినవాళ్ళు చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, ఎక్కడేముందో వాళ్ళే చెబుతారు.