జాగ్రత్త: ‘నర్సాపురం లేసు కండెలు’ అని అమ్ముతున్న పెట్టె కొనకండి

లేసు పని చేసే అక్కచెల్లెళ్లకు, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు చెబుతున్నాను. ‘నర్సాపురం సంప్రదాయ లేసు కండెలు, దారం చుట్టి సిద్ధంగా ఉన్నవి’ అని ఫోనులో వస్తున్న ప్రకటన చూసి డబ్బు కట్టకండి. నేను 2,850 రూపాయలు కట్టి మోసపోయాను.

అసలు ఆ పేరే అబద్ధం. కండె అంటే దారం చుట్టి పెట్టుకునే చిన్న పుల్ల. నర్సాపురం లేసులో కండె అన్న మాటే లేదు. ఒక క్రోషే సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన నాటి నుంచి నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని అల్లుతున్నది ఈ క్రోషే లేసే. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందీ దీనికే. కండెల లేసు యూరప్ దేశాలది. దిండు మీద నమూనా కాగితం పరిచి, గుండుసూదులు గుచ్చుకుంటూ, జంటలుగా ఉన్న కండెలను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ అల్లుతారు. ముప్ఫై ఏళ్లుగా సూది పట్టిన దాన్ని, ఈ తేడా నాకు తెలుసు. ఆ పనీ నేర్చుకోవాలని ఎప్పటినుంచో కోరిక. ప్రకటనలో మా ఊరి పేరు కనిపించగానే ఇక్కడివాళ్లెవరో కొత్తగా మొదలుపెట్టారు కాబోలని నమ్మాను. నా బాధంతా అక్కడే ఉంది. మా ఊరి పేరు చూసి బయటి ఊళ్లవాళ్లు ఇంకెంత నమ్ముతారో!

పెట్టెలో 48 కండెలు, అంటే 24 జంటలు వచ్చాయి. దారం నిండుగా, చూడముచ్చటగా ఉన్నాయి. కూర్చుని మొదలుపెట్టబోతే మొదటి తప్పు తెలిసింది. జంటలోని రెండు కండెలకూ దారం ఒక్కటే ఉండాలి. ఒక కొస ఈ కండెకు, రెండో కొస ఆ కండెకు చుట్టుకుంటూ వచ్చి, మధ్యలో మిగిలిన భాగాన్ని గుండుసూదికి తగిలించి అల్లిక మొదలుపెడతారు. అక్కడ ముడి ఉండదు. ఇవేమో దేనికది విడిగా చుట్టినవి. 24 చోట్ల ముడి వేస్తే గాని పని మొదలు కాదు.

రెండోది, దారం నిలబెట్టే తీరు. చుట్టడం అయ్యాక దారాన్ని వేలి మీద ఒక మెలిక తిప్పి, ఆ ఉచ్చును కండె తలకు తొడిగి బిగిస్తారు. ఉచ్చు సరిగా పడితే కండె దారానికి వేలాడుతున్నా జారదు. పక్కకు వంచి తిప్పితే మాత్రం కావలసినంత దారం వదులుతుంది. ఈ పనికి ప్రాణం ఆ ఉచ్చే. వీటికి అది లేదు, కొసన ఒక చుక్క జిగురు అంటించి వదిలేశారు. గోటితో ఊడదీస్తే దారం పీచులేచింది. నేనే ఉచ్చు వేసి పైకెత్తి చూశాను. కండె సర్రున జారి నేల మీద పడింది. తల దగ్గర దారం పట్టి ఉండడానికి గాడి తీయనే లేదు. రెండు ఉచ్చులు వేస్తే కొన్ని నిలిచాయి గాని, ఆ తర్వాత తిప్పినా దారం వదలలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బయట వాన పడుతుంటే, వసారాలో టేపు పరుచుకుని ఒక కండెను మొత్తం విప్పాను. ప్రకటనలో కండెకు అయిదు మీటర్లు అన్నారు. మీటరూ డెబ్బై సెంటీమీటర్ల దగ్గర తెల్ల దారం అయిపోయింది. దాని కింద బూడిదరంగు లావు దారం, గోనెసంచులు కుట్టే దారంలాంటిది, బయటపడింది. దాని కింద మడిచి చుట్టిన కాగితం! కండె బొద్దుగా కనిపించడానికి చేసిన పని అది. నమ్మలేక మరో పది విప్పాను. అన్నీ అంతే. పైనున్న తెల్ల దారమైనా నూలేనా అని కొస అంటించి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలాలి. ఇది కరిగి నల్లటి గట్టి పూసలా ముద్దకట్టింది. కూడా ఇచ్చిన గుండుసూదులు మన తేమకు మూడు వారాల్లో తుప్పు పట్టాయి. తెల్ల లేసు మీద తుప్పు మరక పడితే ఎంత ఉతికినా పోదని మీకు చెప్పనక్కరలేదు.

అమ్మినవాళ్లను అడిగితే ‘దారం విప్పేశారు కాబట్టి వెనక్కి తీసుకోం’ అన్నారు. విప్పకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? ఆన్‌లైన్ అమ్మకాలపై 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి కూడా. ఆ గడువు దాటాక నేను జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

నేర్చుకోవాలని ఉన్నవాళ్లు ఖాళీ కండెలు, దారం విడివిడిగా కొనుక్కోండి. చుట్టడం కష్టమైన పని కాదు. దారం బిగువుగా, వరుసగా, రెండు కండెలకూ ఒకే దిశలో చుట్టాలి. మెడ దాటి ఉబ్బేలా నింపకూడదు. కొనేముందు ఆ కండె దారానికి వేలాడుతున్న వీడియో పంపమని అడగండి. గాడి లేని కండె ఆ పరీక్షలోనే పడిపోతుంది. పెట్టె అందగానే తెరుస్తూ మీరూ వీడియో తీసుకోండి. నేను తీయలేదు.

మిగిలిన 37 కండెలను విప్పకుండా, జిగురు చుక్కలతో సహా అలాగే దాచి ఉంచాను. ఇదే పెట్టె ఇంకెవరైనా తెప్పించుకుని ఉంటే ఒక్క కండె విప్పి, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర దారం రంగు మారిందో కొలిచి, ఫొటోతో పాటు ఇక్కడ రాయండి. నా ఫిర్యాదుకు వాటినీ జత చేస్తాను.