వేటపాలెం సారస్వత నికేతనం: ఊరి పాఠకుడి సమీక్ష

బాపట్ల జిల్లా వేటపాలెం అనగానే చాలామందికి జీడిపప్పు, చేనేత చీరలు గుర్తుకు వస్తాయి. ఈ ఊళ్లో కాపురముంటున్న నన్ను అడిగితే మాత్రం సారస్వత నికేతనం గ్రంథాలయం పేరే ముందు చెబుతాను. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో 1918లో మొదలైన ఈ సంస్థకు 1929లో గాంధీజీ వచ్చి భవన శంకుస్థాపన చేశారు. ఆనాటి ఆయన చేతికర్ర ఇప్పటికీ ఇక్కడ భద్రంగా ఉంది. బయటి ఊళ్ల నుంచి వచ్చేవారిలో కొందరు ఆ కర్రను చూసి, ఫొటో తీసుకుని, అంతటితో తిరుగు ప్రయాణమవుతారు. వారు ఇక్కడి అసలు సొత్తును చూడకుండానే వెళ్లిపోతున్నారని నా అభిప్రాయం.

ఆ సొత్తు పాత పత్రికలే. బైండు చేసిన ఆంధ్రపత్రిక సంపుటం బల్ల మీదికి వచ్చినప్పుడు అంచులు పెళుసెక్కి, కాగితం బెల్లం రంగుకు తిరిగి ఉంటుంది. కొస పట్టుకుని లాగితే చేతిలోకి ముక్క ఊడి వస్తుంది కనుక అరచేతిని అడుగుకు జార్చి, పేజీ మొత్తాన్ని ఒక్కసారిగా ఎత్తి తిప్పాలి. వార్తల కోసం మొదలుపెట్టిన చదువు కాసేపటికి ప్రకటనల వైపు మళ్లుతుంది. ఆ పత్రికనూ అమృతాంజనాన్నీ స్థాపించినది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే కనుక, తలనొప్పి మందు ప్రకటన కనిపించినప్పుడల్లా, పత్రిక ఖర్చులకు ఆ చిన్న సీసా ఎంత ఆదుకుందో కదా అనిపిస్తుంది. విదేశాల నుంచి సైతం పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే ఈ సంపుటాలు మా ఊరివారికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి.

చిన్న ఊళ్లో ఉండటంలోని సుఖం నాకు ఇక్కడే బాగా తెలిసివచ్చింది. నగరంలో ఉన్న రోజుల్లో ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్లాలంటే రెండు బస్సులు మారి, చీటీ రాసిచ్చి, చివరికి "రేపు రండి" అనిపించుకుని తిరిగి రావలసి వచ్చేది. ఇక్కడ ఆ ప్రయాసే లేదు. మగ్గం దిగి వచ్చిన నేతగాడు, పింఛను తీసుకుంటున్న మాస్టారు ఒకే బల్ల దగ్గర దినపత్రికను షీట్లుగా పంచుకుని చదువుతారు. ఎదుటివారి చేతిలోని షీటు కోసం అడగకుండా ఎదురుచూసే మర్యాద కూడా అక్కడే అలవడుతుంది (క్రీడల పేజీ విషయంలో ఆ మర్యాద కాస్త సడలుతుంది).

పాత సంపుటాలు చూడదలచినవారు తమకు కావలసిన పత్రిక పేరు, సంవత్సరం ముందే రాసుకుని, తీరిక చేసుకుని రావడం మంచిది. గంటలో ముగించుకుని వెళ్లాలనుకునేవారికి ఈ చోటు సరిపడదు. రైలులో వచ్చేవారు బండి వేటపాలెంలో ఆగకపోతే చీరాలలో దిగి ఆటోలో రావచ్చు. తిరుగు ప్రయాణంలో జీడిపప్పు కొనేవారికి ఒక్క మాట: పాయసానికైతే బద్దలు చాలు, గుండుపప్పుకు ఎక్కువ ధర పెట్టనక్కరలేదు.