ఆయిల్ లీకు జాడ చూపే ఫ్లోరసెంట్ రంగు కిట్: పాత కారుపై వాడి చూశాక

పదహారేళ్లుగా నడుస్తున్న మా పెట్రోల్ కారు కింద రోజూ పొద్దున్నే రెండు మూడు ఆయిల్ చుక్కలు కనిపించసాగాయి. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట చుక్క వేలాడుతుండడం చూసిన ఒక మెకానిక్, క్రాంక్ షాఫ్ట్ (ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు) వెనుక చివర ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయిందనీ గేర్‌బాక్స్ దింపక తప్పదనీ తేల్చేశారు. సీలు చిన్నదే అయినా దాన్ని అందుకోవడానికి చేయాల్సిన పని చాలా పెద్దది. అందుకు ఒప్పుకునే ముందు లీకు నిజంగా అక్కడిదేనా అని చూసుకోవాలనిపించి, ఆయిల్‌లో కలిపే రంగు, అతినీలలోహిత టార్చి, పసుపు కళ్లద్దాలు ఉన్న కిట్ కొన్నాను.

రంగు ఆయిల్‌తో పాటు ఇంజనంతా తిరిగి, ఎక్కడ బయటికి వస్తే అక్కడ ఆ టార్చి వెలుగులో పసుపుపచ్చగా మెరుస్తుంది. అయితే కిట్ పెట్టెపై ఒక్క ముక్క కూడా రాయని పనే ఇందులో అన్నిటికన్నా ముఖ్యం: ముందుగా ఇంజనును శుభ్రం చేయాలి. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద కొత్త ఆయిల్ పాకితే, అది ఎక్కడ మొదలైందో ఏ రంగూ చెప్పలేదు. ఆల్టర్నేటరుకూ వైర్ల కనెక్టర్లకూ కవరు చుట్టి, చల్లారిన ఇంజనును జిడ్డు వదిలించే డిగ్రీజరుతో కడిగి, పూర్తిగా ఆరాక రంగు పోశాను. పోసేటప్పుడు మూత పక్కన ఒలికిన బొట్టును వెంటనే తుడవాలి. లేకపోతే అదే లీకులా మెరిసి దారి తప్పిస్తుంది.

రెండు రోజులు కారు నడిపి, చీకటి పడ్డాక చూశాను. ఆయిల్ కిందికి జారుతుంది, బండి వేగానికి వీచే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. కనుక చుక్క పడే చోటును కాక, తడిసిన వాటిలో అన్నిటికన్నా పైనున్న చోటును వెతకాలి. మా ఇంజనులో ఆ మెరుపు ఇంజను పైభాగాన్ని మూసే ట్యాపెట్ కవర్ వెనుక మూల దగ్గర మొదలై, బ్లాకు వెనుకగా సన్నని చారలా దిగి, గేర్‌బాక్స్ అంచున చుక్క కట్టింది. వెనుక సీలుకు ఏమీ కాలేదు. ఆ చార చూసిన క్షణాన కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

కవర్ విప్పితే దాని అంచున ఆయిల్ కారకుండా ఉండే గాస్కెట్ రబ్బరు గట్టిపడి ముక్కలుగా విరిగి వచ్చింది. కొత్తది వేసేటప్పుడు సిలికాన్ పేస్టును మాన్యువల్ చెప్పిన మూలల్లోనే సన్నగా రాయాలి, ఎందుకంటే ఎక్కువైన పేస్టు లోపల ఊడిపడి ఆయిల్‌ను వడకట్టే జాలీకి అడ్డుపడే ప్రమాదం ఉంది. బోల్టులను కూడా బిగింపును కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన కొలతకే బిగించాలి. అతిగా బిగిస్తే కవర్ వంగి మళ్లీ లీకవుతుంది. మూసుకుపోయిన పీసీవీ వాల్వును కూడా మార్చాను. ఇంజను లోపలి ఆవిరి ఒత్తిడి బయటికి పోయే దారి అది. ఆ దారి మూసుకుంటే ఒత్తిడి కొత్త గాస్కెట్‌నూ నెట్టుకుని ఆయిల్‌ను బయటికి తోస్తుంది. లీకు ఎక్కడో ఈ కిట్ చూపుతుంది కానీ ఎందుకో చెప్పదు.

కిట్‌లో నాకు నచ్చనిది టార్చి. దాని వెలుగు తరంగదైర్ఘ్యం 395 నానోమీటర్లు కావడంతో ఊదా వెలుగు అంతటా పరుచుకుని మెరుపును మింగేస్తోంది. స్నేహితుని దగ్గర తెచ్చిన 365 నానోమీటర్ల టార్చితోనే చార స్పష్టంగా కనిపించింది. కొనేవారు రంగు సీసా కన్నా ముందు టార్చిపై 365 అనే అంకె ఉందో లేదో చూసుకోవాలి. సీసా ఇంజన్ ఆయిల్‌కు తగినదో కాదో కూడా చూడాలి, ఏసీ గ్యాసుకు వాడే రంగు వేరు. కొన్ని కూలెంట్లు కూడా ఇలాగే మెరుస్తాయి కనుక తడిని వేలితో తాకి జిడ్డుగా ఉందో లేదో గమనించడం మంచిది.

రెండు నెలలైంది, కింద చుక్క లేదు. కలిపిన రంగును ప్రత్యేకంగా తీయనవసరం లేదు, తర్వాతి ఆయిల్ మార్పుతో అదే పోతుంది. ముందు వైపు క్రాంక్ సీలు దగ్గర మాత్రం సన్నని తడి మెరిసింది. టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు ఆ భాగం ఎలాగూ విప్పుతారు కనుక, అంతవరకు నెలకోసారి టార్చి వేసి చూస్తూ, డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం గమనిస్తూ ఉంటాను.