పటిక తోలా, తంగేడు తోలా: నాలుగేళ్ళు వాడాక నా మాట

పచ్చితోలుని కుళ్ళకుండా నిలిచేలా పదును చేయడం, నాలుగేళ్ళ కింద మా గుంటూరు డాబా మీద మొదలైన పిచ్చి ఇది. ఇప్పటికి ఆరు మేకతోళ్ళు పదును చేశా, రెండు పటికతో, రెండు తంగేడు చెక్కతో (అంటే బెరడుతో), మిగతా రెండూ చెత్తకుప్పలోకి పోయాయి. పటికకి అయిదుకి రెండున్నర ఇస్తా, తంగేడుకి నాలుగు. ఎందుకో కింద ఉంది.

మొదటిది పోవడానికి నా బద్ధకమే కారణం. మే నెలలో ఆదివారం పొద్దున మటన్ కొట్టు దగ్గర తోలు తీసుకుని, ఇంటికొచ్చి టిఫిన్ చేసి, పేపర్ చదివి, మధ్యాహ్నం తాపీగా గుప్పెడు ఉప్పు చల్లా. మూడో రోజు పొట్ట దగ్గర బొచ్చు పట్టుకు లాగితే నానిన మినప్పప్పు పొట్టులా చేతికొచ్చేసింది. మా వీధి చివర ఒకప్పుడు లంద (తోళ్ళు నానబెట్టి పదును చేసే తొట్టి) దగ్గర పనిచేసిన పెద్దాయన ఉంటాడు, ఆయనకి చూపిస్తే నవ్వి "ఉప్పు ముందయ్యా, టిఫిన్ తర్వాత" అన్నాడు. మన ఎండలకి గంటల్లోనే కుళ్ళు మొదలయ్యిద్ది, అది వెంట్రుక కుదుళ్ళ దాకా పోతే ఇక ఏం పోసినా బొచ్చు నిలవదు. ఇప్పుడైతే మూడు కిలోల తోలుకి కిలోన్నర కల్లుప్పు, మాంసం వైపు అంచుల దాకా రుద్ది, మర్నాడు ఊరిన నీరు దులిపేసి మళ్ళీ కొత్త ఉప్పు వేస్తా.

అంటుకున్న మాంసం గీకడానికి ఆరంగుళాల పీవీసీ పైపు పిట్టగోడకి ఆనించి, దాని మీద తోలు పరిచి మొద్దు కత్తితో తోస్తా, పదునైన కత్తి అయితే చిల్లులే. సన్నటి పొర ఎక్కడ మిగిలితే అక్కడ పటిక దిగదు, ఎండాక ఆ ముక్క రేకులా తగిలిద్ది.

పటిక లెక్క నాది ఇది: 4 లీటర్ల నీళ్ళలో 450 గ్రాముల పటిక, విడిగా 2 లీటర్లలో 110 గ్రాముల వాషింగ్ సోడా, 225 గ్రాముల ఉప్పు. సోడా నీళ్ళు పటికలోకి చాలా మెల్లగా పోయాలి. నేను ఒక్కసారిగా గుమ్మరిస్తే బకెట్ పొంగి మెట్ల మీదుగా కింద పోర్షన్ వాళ్ళ ముగ్గు దాకా పోయింది, వాళ్ళావిడ ఇప్పటికీ ఆ మాటే ఎత్తుద్ది. అయిదు రోజులు నాననిచ్చి, నీడలో ఆరబెట్టి, ఇంకా కొంచెం తడి ఉండగానే చెక్క అంచు మీద లాగి లాగి మెత్తబరచాలి. ఎండలో పెట్టావో అప్పడమే.

చూడ్డానికి పటిక తోలు తెల్లగా భలే ఉంటది, ఆ సంగతి ఒప్పుకోవాలి, పడక కుర్చీ ముందు వేస్తే వచ్చినోళ్ళంతా ఎక్కడ కొన్నావనే అడిగారు. కానీ వానాకాలం వచ్చేసరికి లోపలి ఉప్పు గాలిలో తేమ లాక్కుని చెమట పట్టినట్టు అయిపోయిద్ది, రెండో ఏడు బూజు కూడా వచ్చింది. ఓసారి మా ఆవిడ తెలీక బట్టలతో పాటు నానబెడితే పటిక వదిలేసి మళ్ళీ పచ్చితోలులా బిగుసుకుపోయింది.

తంగేడు పని వేరు. బొచ్చు తీయడానికి సున్నం, గ్లౌజులు తప్పనిసరి, తర్వాత ఆ సున్నం పోవడానికి తవుడు నీళ్ళు, ఆ తర్వాత చెక్క రసం. తొందరపడి మొదటి రోజే చిక్కటి రసంలో ముంచా, పైపైన బిగిసి లోపల పచ్చిగా ఉండిపోయింది, అదే పోయిన రెండోది. పెద్దాయన చెప్పినట్టు ముందు వాడేసిన పాత రసం, రోజులు గడిచేకొద్దీ చిక్కటిది. నెల పట్టింది. మెడ దగ్గర అంచు కోసి చూస్తే మధ్యలో తెల్లగీత లేకుండా ఒకే రంగు ఉండాలి. ఇనప గిన్నె వద్దు, తగిలిన చోటల్లా నల్లమచ్చ.

ఆ తోలుతో కుట్టించిన సంచీ మూడేళ్ళుగా నా స్కూటర్‌కి వేలాడుతోంది, అరండల్‌పేటలో రెండు సార్లు నిండా తడిసింది, ఆరాక కాస్త ఆముదం రుద్దా, అంతే. నల్లమచ్చ మాత్రం ఇంకా ఉంది, అడిగినోళ్ళకి డిజైన్ అని చెప్తున్నా.