నాలుకకు కరెంటు కసరత్తు: ఎక్సైట్‌ఓఎస్‌ఏ కొనదగిందేనా?

నిద్రలో ఊపిరి ఆగకుండా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మాస్కు పేరెత్తితేనే బెదిరిపోయేవాళ్ళ చూపు ముందుగా పడేది ఎక్సైట్‌ఓఎస్‌ఏ అనే ఈ పరికరం మీదే. రాత్రి మొహానికి ఏమీ తగిలించుకోనక్కర్లేదు. పగలు, మెలకువగా ఉన్నప్పుడే, నాలుక కండరానికి చిన్నచిన్న విద్యుత్ తరంగాలతో కసరత్తు చేయిస్తుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. అక్కడ డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారు. అనుమతి కూడా 18 ఏళ్ళు నిండినవాళ్ళలో గురకకు, తేలికపాటి స్లీప్ ఆప్నియాకు (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) మాత్రమే. అంటే గంట నిద్రలో ఊపిరి ఆగిన లేదా బాగా తగ్గిన సార్ల లెక్క, ఏహెచ్‌ఐ, 15 లోపు ఉండాలి. స్లీప్ టెస్టు రిపోర్టులో 30, 40 కనిపిస్తుంటే దీని గురించి ఆలోచించడం మానేసి, సీప్యాప్‌కే అలవాటు పడండి.

దీని వెనకున్న ఆలోచన సబబైనదే. నాలుకను ముందుకు లాగి పట్టే పెద్ద కండరం జీనియోగ్లాసస్. నిద్రలో దాని బిగువు సడలుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక గొంతు వైపు జారి గాలిదారిని ఇరుకు చేస్తుంది. కండరానికి తొందరగా అలిసిపోని గుణం వస్తే ఈ జారడం తగ్గుతుందన్నది లెక్క.

వాడకం కష్టం కాదు. నాలుక పైనా కిందా పట్టుకునేలా మెత్తటి మౌత్‌పీస్, దానికి నాలుగు ఎలక్ట్రోడ్లు, అరచేతిలో ఇమిడే కంట్రోల్ యూనిట్, ఫోన్లో యాప్. రోజుకొకసారి 20 నిమిషాలు, ఆరు వారాలు. తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు. తీవ్రతను కింద నుంచి మొదలుపెట్టి, జివ్వుమనేదాకా పెంచాలి, నొప్పి దాకా కాదు. తొలిరోజే పైకి లాగేస్తే దవడ బిగుసుకుంటుంది, పళ్ళు జివ్వుమంటాయి, మర్నాడు పరికరం సొరుగులోకి వెళ్తుంది. నోరు ఎండిపోయి ఉంటే ఎలక్ట్రోడ్లు సరిగా అంటవు, కాబట్టి ముందు నాలుగు గుక్కల నీళ్ళు తాగండి. కాసేపటికి లాలాజలం ఊరుతుంది, పక్కన తువ్వాలు ఉంచుకోండి. లోహపు రుచి, నాలుక మీద తిమ్మిరి లాంటివి కొందరికి ఉంటాయి. మౌత్‌పీస్‌ను మూడు నెలలకొకసారి మార్చాలి. కొనేటప్పుడు చాలామంది ఈ ఖర్చు లెక్కలో వేసుకోరు.

అసలు చిక్కు పళ్ళ దగ్గర ఉంది. నోట్లో బ్రేసులు, లోహపు క్యాపులు, లోహపు ఫిల్లింగులు ఉన్నవాళ్ళు దీన్ని వాడకూడదు. మన ఇళ్ళలో నలభై దాటినవాళ్ళ దవడపళ్ళు ఒక్కసారి చూడండి, ఎందరికి వెండి రంగు ఫిల్లింగులో, మెటల్ క్యాపులో లేవు? అందుకే మొదట డెంటిస్టుకు చూపించుకోవాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు, గర్భిణులకు, నోట్లో పుండ్లు ఉన్నవాళ్ళకు కూడా వద్దు.

ఇక ఫలితాలు. ఎఫ్‌డీఏ ముందు పెట్టిన లెక్కలో 115 మంది గురకవాళ్ళున్నారు. వాళ్ళలో 87 మందికి, 40 డెసిబెల్స్ దాటిన గురక ఉండే సమయం 20 శాతానికి పైగా తగ్గింది. వినడానికి బాగుంది. అయితే 20 శాతం తగ్గినా పక్కన పడుకున్న మనిషికి నిద్ర పడుతుందన్న హామీ లేదు. తేలికపాటి ఆప్నియా ఉన్న 48 మందిలో ఏహెచ్‌ఐ 10.21 నుంచి 5.27కు దిగిందన్న అంకె ఉంది చూశారూ, అది తగ్గిన 41 మంది సగటు. మిగతా ఏడుగురు ఆ సగటులో లేరు. పైగా పోల్చడానికి ఉత్తుత్తి పరికరం వాడిన జట్టు లేదు. తేలికపాటి ఆప్నియాలో ఏ రెండు రాత్రుల అంకెలూ ఒకటి కావు. వెల్లకిలా ఎక్కువసేపు పడుకున్నా, సాయంత్రం మద్యం తాగినా అంకె పెరుగుతుంది. పరికరం పనిచేయదని కాదు, దాని మీద పెట్టుకునే ఆశ ఈ అంకెలకు తగ్గట్టు ఉండాలని.

దీనికి గట్టి పోటీ మరో యంత్రం కాదు, ఖర్చు లేని నోటి వ్యాయామాలు. బ్రెజిల్‌లో 2009లో ప్రచురితమైన అధ్యయనంలో, మధ్యస్థ ఆప్నియా ఉన్న 31 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మూడు నెలలు నోటి, గొంతు వ్యాయామాలు చేయించారు. వాళ్ళ ఏహెచ్‌ఐ సగటు 22.4 నుంచి 13.7కు దిగింది. దీర్ఘశ్వాసలు మాత్రం చేసిన రెండో జట్టులో ఆ మార్పు లేదు. పోలికకు జట్టు ఉంది కాబట్టి మాకు ఈ అంకె మీదే ఎక్కువ నమ్మకం.

తర్వాత గురక మీద చేసిన మరో బ్రెజిల్ అధ్యయనం ఈ వ్యాయామాలను ఒక్కోసారి 8 నిమిషాలు, రోజుకు మూడుసార్లకు కుదించింది. నాలుక కొనను పైపళ్ళ వెనక అంగిలికి ఆనించి వెనక్కి జరపడం 20 సార్లు. నాలుక మొత్తాన్ని అంగిలికి పీల్చి అదమడం 20. కొనను కింది పళ్ళకు ఆనించి, నాలుక వెనక భాగాన్ని కిందికి నొక్కడం 20. "ఆ, ఆ" అంటూ కొండనాలుకను పైకి లేపడం 20. బుగ్గ లోపల వేలు పెట్టి బయటికి తోస్తూ, బుగ్గతో ఎదురు నొక్కడం ఒక్కో వైపు 10. తినేటప్పుడు రెండు వైపులా నమలడం.

తప్పులు జరిగేది రెండు చోట్ల. నాలుకతో పాటు దవడ కూడా కదిలిపోతుంది. అలా అయితే కష్టమంతా దవడదే, నాలుకకు దక్కేది ఏమీ లేదు. గడ్డం కింద వేలు పెట్టి చూసుకోండి. రెండోది "ఆ". గట్టిగా అరిస్తే చాలనుకుంటారు. అద్దం ముందు టార్చి వేసుకుని, కొండనాలుక నిజంగా లేస్తోందో లేదో చూడాలి. మొదటి రెండు మూడు సార్లు మయోఫంక్షనల్ థెరపీ (ఇలాంటి నోటి, గొంతు కండరాల వ్యాయామ చికిత్స) తెలిసిన స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకోవడం ఈ పరికరం కంటే మంచి ఖర్చు. ముక్కు ఎప్పుడూ దిబ్బడేసి ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 

శంఖం ఊదితే ఆప్నియా తగ్గుతుందా అనీ అడుగుతున్నారు. జైపూర్ వైద్యుల అధ్యయనం 2025లో వచ్చింది. మధ్యస్థ ఆప్నియా ఉన్న 30 మందిలో, ఆరు నెలలు వారానికి కనీసం ఐదు రోజులు పావుగంట శంఖం ఊదినవాళ్ళకు పగటి నిద్రమత్తు 34 శాతం తగ్గింది, ఏహెచ్‌ఐ నాలుగైదు తగ్గింది. చిన్న అధ్యయనమే అయినా ఆసక్తికరం. గ్లాకోమా, హెర్నియా, అదుపులో లేని బీపీ ఉంటే డాక్టరును అడగకుండా ఊదకండి.

ఏ దారి పట్టినా మూడు నెలలకు స్లీప్ టెస్టు మళ్ళీ చేయించుకోండి, మొదటిసారి చేసిన రకం టెస్టే. అప్పటిదాకా సీప్యాప్ వాడుతున్నవాళ్ళు దాన్ని ఆపకూడదు. గురక శబ్దం తగ్గిందని ఇంట్లోవాళ్ళు చెప్పినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గినట్టు కాదు, రెండూ వేరు వేరుగా మారగలవు.