ఫ్లాప్ షోనా, మిస్టర్ యోగినా?

ఎనభైల చివర్లో దూరదర్శన్‌లో ఇలా వచ్చి అలా వెళ్లిపోయిన హిందీ హాస్య ధారావాహికలు ఇవి. ఇప్పుడు మళ్లీ చూడాలంటే ఏది ముందు?

నిడివి: జస్‌పాల్ భట్టీ ‘ఫ్లాప్ షో’ పదే ఎపిసోడ్లు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు, ఎక్కడ మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. కేతన్ మెహతా తీసిన ‘మిస్టర్ యోగి’ మాత్రం వరుసగా చూడాల్సిందే.

విషయం: భట్టీది ఆఫీసులు, బిల్లులు, కాంట్రాక్టర్ల లోకం. పీహెచ్‌డీ గైడు స్టూడెంట్‌తో ఇంటి చాకిరీ చేయించుకునే ఎపిసోడ్ ఒక్కటి చాలు, యూనివర్సిటీ మొహం చూసినవాళ్లెవరైనా పడీ పడీ నవ్వుతారు. టైటిల్స్‌లో తన పేరు పక్కన ‘మిస్‌డైరెక్టెడ్ బై’ అని వేసుకున్నాడు మహానుభావుడు! చివర్లో సినిమా పాటకు పేరడీ సరేసరి.

యోగిది పెళ్లిచూపుల గోల. అమెరికా నుంచి దిగిన గుజరాతీ కుర్రాడు (మోహన్ గోఖలే) రాశికో అమ్మాయి చొప్పున పన్నెండు రాశులూ చూస్తాడు. మధ్యమధ్యలో సూత్రధారిగా ఓం పురి. మన ఇళ్లలో అమెరికా సంబంధాల హడావిడి తెలిసినవాళ్లకు ఇది పరాయి కథేమీ కాదు.

రిస్కు: యోగి నడక నెమ్మది, పిల్లలు మధ్యలోనే ఫోన్లు తీస్తారు. ఫ్లాప్ షోలో సెట్లు చవకబారు, కానీ జోకులు పాతబడలేదు. లంచం పాతబడితే కదా!

అరగంటే ఖాళీ ఉంటే, లేదా ఆఫీసులో ఫైలు కదలక ఒళ్లు మండుతుంటే ఫ్లాప్ షో పెట్టండి. ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే, ఆదివారం తీరిక దొరికితే యోగి.