అంగస్తంభనకి మూలికలా, డాక్టర్ రాసే మాత్రా: ఏది మేలు?

సైడ్ ఎఫెక్ట్స్ ఉండవన్న నమ్మకంతోనే చాలామంది మూలికల వైపు వెళ్తారు. దానికి తోడు డాక్టర్ ఎదురుగా కూర్చుని ఈ సంగతి చెప్పాలంటే సిగ్గు.

మూలికల్లో కాస్తో కూస్తో ఆధారం ఉన్నది జిన్సెంగ్ అనే వేరుకే. అదీ వారాల తరబడి వాడితే కొందరికి కొద్దిగా తేడా కనిపించొచ్చు, అంతకుమించి ఆశలు పెట్టుకోవద్దు. అశ్వగంధ టెన్షన్ తగ్గించడానికి కొంత పనికొస్తుందేమో గానీ నేరుగా అంగస్తంభనకి పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. పైగా అరుదుగానైనా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, థైరాయిడ్ ఉన్నవాళ్ళు అడక్కుండా వేసుకోకూడదు. పల్లేరు కాయల పొడి మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ని పెంచుతుందని తెగ చెప్తారు, మగవాళ్ళ మీద చేసిన పరీక్షల్లో అది తేలలేదు. యోహింబే బెరడు సంగతి వేరు, అందులోని యోహింబిన్‌కి కొంత ప్రభావం ఉంది, కానీ బీపీ ఎగబాకుతుంది, గుండె దడ, ఆందోళన మొదలవుతాయి. నన్నడిగితే దాని జోలికే పోవద్దు.

ఇవన్నీ ఒక ఎత్తు, 'గంట ముందు ఒక్క క్యాప్సూల్ చాలు' అని రాసి ఉండే సీసా ఒక ఎత్తు. పక్కనే పెద్దక్షరాలతో 'నూరు శాతం సహజం' అని కూడా ఉంటుంది. ఏ ఆకూ ఏ వేరూ అలా గంటలో పనిచేయదు, పనిచేసిందంటే లోపల సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండేది) లాంటి మందు కలిపారేమోనని అనుమానించాల్సిందే. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఇలాంటి కల్తీ సరుకును ఎన్నోసార్లు పట్టుకుంది. గుండెనొప్పికి నైట్రేట్లు వాడే మనిషి అది మూలికే కదా అని మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

అదే మందు డాక్టర్ రాస్తే ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది, నైట్రేట్లు వాడుతున్నారా అని ముందే అడుగుతారు. సిల్డెనాఫిల్‌ 1998 నుంచీ వాడకంలో ఉంది, ప్రభావం సుమారు నాలుగు గంటలు. అదే రకం మందైన టాడాలాఫిల్‌ది 36 గంటల వరకూ ఉంటుంది కాబట్టి టైము చూసుకునే బాధ తక్కువ. తలనొప్పి, ముఖం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ వస్తే రావచ్చు. అయినా నా ఓటు వీటికే.

మాత్ర కంటే ముందు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. అంగంలోని రక్తనాళాలు గుండెవాటికన్నా సన్నం, అందుకే పూడిక ప్రభావం ముందు అక్కడ బయటపడి, గుండెజబ్బు కొన్నేళ్ళ తర్వాత పైకి రావచ్చు. మూలికలతో నెట్టుకొస్తే పోయేది డబ్బే కాదు, ఆ టైము కూడా.

పొద్దున నిద్ర లేచేసరికి మామూలుగానే స్తంభన ఉండి, భార్య దగ్గరే ఇబ్బంది అవుతుంటే మాత్రం చాలావరకు అది మనసులోని టెన్షనే. అలాంటప్పుడు సీసాలూ మాత్రలూ పక్కన పెట్టి ముందు కౌన్సెలర్‌తో మాట్లాడండి, వీలైతే ఆవిడని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి.